చక్రాల మీద కాపురం: కొన్ని విశేషాలు

జర్మనీలో ఇస్నీ అని ఒక చిన్న ఊరు. అక్కడ ఆరిస్ట్ డెత్‌లెఫ్స్ అనే ఆయనది కొరడాలూ, మంచు మీద జారే ఆటకు వాడే కర్రలూ తయారుచేసే వ్యాపారం. సరుకు అమ్మడానికి ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు. ఆయన పెళ్లాడబోయే ఫ్రీడెల్ ఎడెల్‌మన్ చిత్రకారిణి. ఇద్దరూ కలిసి తిరిగేటట్టు, దారిలో తాను బొమ్మలు వేసుకునేటట్టు ఒక బండి ఉంటే బాగుండునని ఆమె అడిగింది. 1931లో ఆయన, కారు వెనక తగిలించుకుపోయే చిన్న గదిని కట్టాడు. జర్మనీలో మొదటి కారవాన్ అదే. డెత్‌లెఫ్స్ పేరుతో కారవాన్లు ఇప్పటికీ ఆ ఊళ్లోనే తయారవుతున్నాయి. బండ్ల చరిత్రలు రాసేవాళ్లు ఇంజిన్ల బలం గురించి పేజీలకు పేజీలు రాస్తారు. నేనూ వస్తానని ఒక ఆడమనిషి అన్నందుకు పుట్టిన ఈ బండి గురించి ఇంకో పేజీ రాయాల్సిందని నాకు అనిపిస్తుంది.

మా ఆయనా నేనూ పన్నెండు రోజులు అద్దె వ్యానులో న్యూజిలాండ్ దక్షిణ దీవి తిరిగొచ్చాక ఈ బండ్ల మీద, వీటిలో తిరిగిన జంటల మీద ఇష్టం పెరిగి, తెలిసినవన్నీ పోగేసుకుంటున్నాను. వాటిలో కొన్ని ఇవి.

ఏ కారవాన్?

మనకు కారవాన్ అంటే షూటింగు దగ్గర హీరో హీరోయిన్లు కూర్చునే ఏసీ బస్సు. హైదరాబాదులో అయితే కార్వాన్ ఒక పేట పేరు. రెండూ ఒకే పార్శీ మాట. కలిసి ప్రయాణం చేసే బిడారు అని దాని అర్థం. గోల్కొండ వజ్రాల వ్యాపారం వెలిగిన రోజుల్లో వర్తకుల బిడారులు దిగిన చోటు కనుక ఆ పేటకు ఆ పేరు నిలిచింది. ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద వేసుకుని భార్యాబిడ్డలతో సహా దక్కను అంతా తిరిగిన లంబాడీలవి కూడా బిడారులే.

సరదా కోసం ఇల్లు బండెక్కించిన వాళ్లలో మొదటివాడిగా చెప్పుకునేది గోర్డన్ స్టేబుల్స్‌ని. స్కాట్లండు మనిషి, నౌకాదళంలో వైద్యుడిగా పనిచేశాడు. 1885లో 'వాండరర్' అనే గుర్రపు బండి ఇల్లు చేయించుకుని ఇంగ్లండు దక్షిణం నుంచి స్కాట్లండులోని ఇన్‌వర్నెస్ దాకా వెళ్లాడు. బండికి రెండు గుర్రాలు. లోపల కుక్కా, చిలకా. దారి ఇరుకుగా ఉంటుంది కనుక, పెద్ద బండి వస్తోందని చెప్పడానికి నౌకరు మూడు చక్రాల సైకిలు తొక్కుకుంటూ ముందు వెళ్లేవాడు.

నోటుబుక్కులో ఒక గీత

1947 ఏప్రిల్ 23న బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి తన నోటుబుక్కులో ఒక డబ్బా ఆకారం గీశాడు. ఇంజిను వెనక, డ్రైవరు ముందు, మధ్యంతా ఖాళీ. ఆ గీతే 1950లో ఫోక్స్‌వ్యాగన్ వ్యానుగా తయారైంది. మరుసటేడు వెస్ట్‌ఫాలియా కంపెనీ ఆ ఖాళీలో పెట్టుకోవడానికి ఒక సామాను తయారుచేసింది. పడుకోవడానికీ వండుకోవడానికీ కావలసినవన్నీ అందులో అమరి ఉంటాయి. సోమవారం నుంచి శనివారం దాకా సరుకు మోసిన వ్యాను, దాన్ని లోపల పెట్టేసరికి ఆదివారానికి పడకగదీ వంటగదీ అయ్యేది. ఈ వ్యాను తయారీ ఆఖరుగా ఆగింది బ్రెజిల్‌లో, 2013 డిసెంబరులో. ఒక బండి మోడల్ అరవై మూడేళ్లు బతకడం చిన్న సంగతి కాదు.

ఎనిమిది వందల కిలోమీటర్లు, నెల పైచిలుకు

నేను పోగేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ప్రాణమైనది ఇది.

హూలియో కోర్తాసార్ అర్జెంటీనా దేశపు పెద్ద రచయిత. పారిస్‌లో స్థిరపడ్డాడు. ఆయన భార్య కేరల్ డన్‌లప్ కూడా రచయిత్రి, ఫొటోలు బాగా తీసేది. వాళ్లకు ఎర్రటి ఫోక్స్‌వ్యాగన్ వ్యాను ఉండేది. జర్మన్ పురాణగాథల్లోని ఘటసర్పం పేరు, ఫాఫ్‌నర్ అని, దానికి పెట్టుకున్నారు. పారిస్ నుంచి మార్సే వెళ్లే పెద్ద రహదారి సుమారు ఎనిమిది వందల కిలోమీటర్లు. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరిపోవచ్చు. 1982 మే 23న బయల్దేరిన ఈ దంపతులు నెల దాటితే గానీ చేరలేదు.

ముందే కొన్ని నియమాలు పెట్టుకున్నారు. గమ్యం చేరేదాకా ఒక్కసారి కూడా ఆ రహదారి దిగకూడదు. దారి పక్కన లారీలూ కార్లూ ఆగడానికి ఉండే విశ్రాంతి స్థలాల్లో రోజుకు రెండిటిలో ఆగాలి, రెండో దానిలో రాత్రి గడపాలి. అలా అరవైకి పైగా చోట్ల ఆగారు. కొన్ని చోట్ల పెద్ద చెట్లూ నీడా. కొన్ని చోట్ల మరుగుదొడ్డీ, చెత్తబుట్టా తప్ప ఇంకేం లేదు. ఎక్కడైనా సరే, పూల గుడ్డ మడత కుర్చీలు రెండు దించి, టైపురైటరు పెట్టుకుని కూర్చునేవారు. ఎదురుగా జనం బిస్కెట్లు తిని, పిల్లల్ని ఒకటికి పంపి, పది నిమిషాల్లో మాయమయ్యేవారు. వీళ్లు అక్కడి చెట్లనూ, పురుగులనూ, నిద్రపోతున్న లారీలనూ కొత్త ఖండాన్ని కనుక్కున్నవాళ్లలా వివరంగా రాసుకున్నారు. మధ్యలో స్నేహితులు కూరగాయలూ పళ్లూ తెచ్చి ఇచ్చి వెళ్లారు.

ఇద్దరికీ ఒంట్లో బాగుండేది కాదు. ఆ ఏడు నవంబరులోనే కేరల్ చనిపోయింది. ఆమెకు ముప్పై ఆరేళ్లు. మిగిలిన పుస్తకాన్ని కోర్తాసార్ ఒక్కడే పూర్తిచేశాడు. 1983లో అచ్చయింది, 1984 ఫిబ్రవరిలో ఆయనా పోయాడు. పారిస్‌లోని మోన్‌పార్నాస్ శ్మశానంలో ఇద్దరిదీ ఒకే సమాధి. వ్యాను కొన్నది వెళ్లడానికి అనుకుంటాం. దాని అసలు సుఖం ఎక్కడ పడితే అక్కడ ఆగడంలో ఉందని నాకు నేర్పింది ఈ ఇద్దరే. ఊరుకాని ఊళ్లో, పేరులేని మలుపులో ఆగి టీ పెట్టుకున్నప్పుడల్లా వీళ్లు గుర్తొస్తారు.

చంద్రుడి దాకా వెళ్లి వచ్చినా

గుంథర్ హోల్టార్ఫ్ జర్మనీలో విమాన సంస్థల్లో పెద్ద ఉద్యోగం చేసి మానేసినవాడు. 'ఓటో' అని పిలుచుకున్న మెర్సిడెస్ జీపు లాంటి బండిలో భార్య క్రిస్టీన్‌తో కలిసి ఏళ్ల తరబడి ప్రపంచం తిరిగాడు. వెనక సీట్లు తీసేసి పరుపు వేసుకున్నారు. హోటళ్ల జోలికి పోకుండా బండిలోనే పడుకున్నారు, బయటే వండుకున్నారు. 2010లో క్రిస్టీన్ క్యాన్సర్‌తో కన్నుమూసింది. తాను లేకపోయినా ప్రయాణం ఆపొద్దని ఆమె కోరింది. ఆమె ఫొటోను అద్దానికి వేలాడదీసుకుని ఆయన మరో నాలుగేళ్లు తిరిగాడు. 2014లో ఆపేటప్పటికి బండి తిరిగిన దూరం దాదాపు తొమ్మిది లక్షల కిలోమీటర్లు. ఇక్కడి నుంచి చంద్రుడి దగ్గరికి వెళ్లి తిరిగొచ్చినా ఏడు లక్షల డెబ్బై వేలే అవుతుంది. ఓటో ఇప్పుడు స్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్ మ్యూజియంలో ఉంది.

స్విట్జర్లండుకు చెందిన ఎమిల్, లిలియానా ష్మిడ్ దంపతులు 1984 అక్టోబరులో టొయోటా ల్యాండ్ క్రూయిజర్‌లో బయల్దేరారు. ఒక ఏడాదిలో తిరిగొద్దామనుకున్నారు. దశాబ్దాలు గడిచాయి, నూట ఎనభైకి పైగా దేశాలు తిరిగారు, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు.

అర్జెంటీనా దంపతులు హెర్మన్, కాండెలారియా జాప్‌లది ఇంకో కథ. 2000 జనవరిలో 1928 నాటి గ్రాహమ్ పేజ్ కారులో అలాస్కాకని ఆరు నెలల ప్రయాణం పెట్టుకుంటే, 2022 మార్చిలో ఇల్లు చేరారు. వెళ్లేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ఆరుగురు. నలుగురు పిల్లలూ ప్రయాణాల మధ్యే పుట్టారు. ఒకరు అమెరికాలో, ఒకరు అర్జెంటీనాలో, ఒకరు కెనడాలో, ఒకరు ఆస్ట్రేలియాలో.

అరవై అయిదు పౌండ్ల వ్యాను

టోనీ, మోరీన్ వీలర్ లండన్‌లో ఒక పార్కు బెంచీ మీద పరిచయమయ్యారు. పెళ్లయిన మరుసటేడు, 1972లో, అరవై అయిదు పౌండ్లకు ఒక పాత మినీ వ్యాను కొని తూర్పు ముఖంగా బయల్దేరారు. కాబూల్‌లో వ్యాను అమ్మేసి బస్సులూ రైళ్లూ పట్టుకుని భారతదేశం మీదుగా ముందుకు సాగారు. ఆస్ట్రేలియా చేరేసరికి చేతిలో మిగిలింది ఇరవై ఏడు సెంట్లు. ఎలా వచ్చారని అడిగినవాళ్లకల్లా చెప్పి చెప్పి, 1973లో ఒక పల్చటి పుస్తకం రాసి వేసుకున్నారు. అక్కడి నుంచి మొదలైంది లోన్లీ ప్లానెట్ అనే ప్రయాణ పుస్తకాల సంస్థ.

వాళ్లు వచ్చిన దారిలో అప్పట్లో లండన్ నుంచి ఖాట్మండూ దాకా రంగురంగుల వ్యానులు వరసగా కదిలేవి. 1979లో ఇరాన్ విప్లవం, ఆ ఏడాది ఆఖరున అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం. దారి మూతపడింది. అమెరికా ఖండాల్లో అలాస్కా నుంచి అర్జెంటీనా దాకా రోడ్డు ఉంది గానీ, పనామాకూ కొలంబియాకూ మధ్య వంద కిలోమీటర్ల చిల్లర అడవిలో రోడ్డే లేదు. వ్యానును ఓడెక్కించి తాము వేరే వెళ్లి, అవతలి రేవులో దించుకోవాల్సిందే.

అన్నం ఉడకని ఎత్తు

వ్యానులో వంట చేసుకునే జంటలు భౌతికశాస్త్రాన్ని కడుపుతో నేర్చుకుంటాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. ప్రతి మూడు వందల మీటర్లకూ సుమారు ఒక డిగ్రీ తగ్గుదల. మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో అన్నం పెడితే నీళ్లు తెర్లుతూనే ఉంటాయి, మెతుకు పలుకుగానే ఉంటుంది, పప్పు సంగతి చెప్పక్కర్లేదు. ప్రెషర్ కుక్కర్ ఉంటే లోపలి వేడి దాదాపు 115 డిగ్రీలకు ఎక్కుతుంది. లద్దాఖ్ వెళ్లే తెలుగువాళ్లకు నేను మొదట చెప్పే సామాను ఇదే, స్వెటర్లు ఆ తర్వాత.

రెండో పాఠం గ్యాసు. చిన్న స్టవ్‌లకు వాడే డబ్బాల్లో చాలావాటిలో ఉండేది బ్యూటేన్. అది సున్నాకు అర డిగ్రీ కిందనే ద్రవంగా ఉండిపోతుంది, ఆవిరి కాదు. ప్రొపేన్ అయితే సున్నాకు 42 డిగ్రీల కింద కూడా ఆవిరవుతుంది. ఈ సంగతి మాకు న్యూజిలాండ్‌లోని టెకపో సరస్సు ఒడ్డున ఒక ఏప్రిల్ ఉదయం తెలిసింది. గడ్డి మీద తెల్లగా మంచు. స్టవ్ మడత బల్ల మీద పెట్టి ఎన్నిసార్లు తిప్పినా నీలం రంగు మిణుకు వచ్చి ఆరిపోయింది. డబ్బా ఊపితే లోపల గ్యాసు గలగలమంటోంది. మా ఆయన దాన్ని విప్పి శాలువా లోపల, చంకలో పెట్టుకుని, సరస్సు వైపు చూస్తూ పావుగంట నిలబడ్డారు. నేను ఈలోగా అల్లం దంచాను. మళ్లీ బిగిస్తే మంట నిలబడింది. డబ్బాను ఒంటి వేడితో తప్ప వేరే దేనితోనూ వెచ్చబెట్టకూడదు, నిప్పు దగ్గరికి అసలు తీసుకెళ్లకూడదు.

ఇద్దరి ఊపిరి

తెల్లారి లేచి చూస్తే వ్యాను అద్దాలన్నీ లోపలి వైపు తడి. రాత్రి వాన పడలేదే అనుకుంటాం. అది మన ఊపిరే. ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరిలోనూ చెమటలోనూ కలిపి అర లీటరు దాకా నీరు ఉంటుంది. ఇంట్లో గది పెద్దది కనుక కనపడదు. వ్యానులో అది చల్లటి అద్దానికి పట్టుకుని చుక్కలై కిందికి జారి పరుపు అంచు తడుపుతుంది. చలికి భయపడి కిటికీలు బిగించుకున్న రాత్రి ఎక్కువ తడి, రెండు వైపులా రెండు వేళ్ల సందు వదిలిన రాత్రి తక్కువ. అలా సందు వదలడం తడి కోసమే కాదు. మూసిన వ్యానులో స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగిస్తే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి కాచుకోవడానికి కుంపటి లోపల పెట్టుకునే అలవాటు మన కొండ ప్రాంతాల ప్రయాణికుల్లో ఇంకా ఉంది కనుక గట్టిగా చెబుతున్నాను, వద్దు.

పొద్దున్నే పాత తువ్వాలుతో అద్దాలు తుడవడం మా ఆయన వంతు, దాన్ని పిండి ఆరేయడం నా వంతు. పన్నెండు రోజులూ అంతే.

ఎలుగుకు ఏ బండి ఇష్టం?

అమెరికాలోని యోసెమిటీ అడవుల్లో నల్ల ఎలుగుబంట్లు తిండి వాసనకు కార్ల తలుపులు చీల్చేస్తాయి. 2001 నుంచి 2007 దాకా అవి బద్దలుకొట్టిన వాహనాల లెక్కలు తీసి పరిశోధకులు చూస్తే, మిగతా బండ్లకన్నా మినీ వ్యాన్ల మీదే వాటి గురి ఎక్కువగా తేలింది. పిల్లలున్న కుటుంబాలు వాడే బండ్లలో తిండి తునకలు ఎక్కువ పడి ఉండడం ఒక కారణం కావచ్చని వాళ్ల ఊహ. అందుకే అక్కడ క్యాంపుల్లో ఇనప పెట్టెలు ఉంటాయి. తిండే కాదు, సబ్బూ టూత్‌పేస్టూ కూడా వాటిలో పెట్టి తాళం వేయాలి.

న్యూజిలాండ్‌లో ఎలుగులు లేవు, కియా ఉంది. మంచు కొండల్లో బతికే చిలక, ఆలివ్ ఆకుపచ్చ రంగు, రెక్క ఎత్తితే కింద నారింజ రంగు మంట. మిల్‌ఫర్డ్ సౌండ్ వెళ్లే దారిలో సొరంగం ముందు సిగ్నలు దగ్గర బండ్లు ఆగగానే వచ్చి పైన వాలుతుంది. కిటికీ చుట్టూ ఉండే రబ్బరు అంచును ముక్కుతో పట్టి ఊడబీకుతుంది. దాని తెలివికి ముచ్చటేసి ఏదైనా పెట్టాలనిపిస్తుంది, పెట్టకూడదు. అవి తగ్గిపోతున్న పక్షులు, మనిషి తిండికి అలవాటుపడితే రోడ్ల మీదే చస్తాయి.

అక్కడే నల్లటి చిన్న ఈగలు కుడతాయి. అంత అందమైన చోట మనుషులు మరీ ఎక్కువసేపు నిలబడిపోకుండా మృత్యుదేవత హినె నుయి తె పో వాటిని వదిలిందని మావోరీలు చెబుతారు. కుట్టేవి ఆడవే. చీకటి పడితే కుట్టవు.

ఎక్కడ ఆగనిస్తారు?

నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం ఎవరి నేలైనా సరే, సాగులో లేనిచోట, ఇంటికి నూట యాభై మీటర్ల దూరంలో రెండు రాత్రులు గుడారం వేసుకోవచ్చు. ఆ హక్కు వ్యానుకు వర్తించదు. న్యూజిలాండ్‌లో చాలాచోట్ల ఊరి బయట వ్యాను ఆపుకుని పడుకోవాలంటే నీళ్లూ, మురుగు తొట్టీ, మరుగుదొడ్డీ లోపలే ఉన్నట్టు పత్రం ఉండాలి. 2023లో చట్టం మార్చి ఆ మరుగుదొడ్డి బండికి బిగించే ఉండాలన్నారు. మన దేశంలో మామూలు వ్యాను కొని లోపల మంచం బిగించే ముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చదువుకోవాలి. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మన ఇష్టానికి మార్చడానికి వీల్లేదు. కేరళ ప్రభుత్వం 2021లో 'కేరవాన్ కేరళ' అని ప్రత్యేక విధానమే తెచ్చింది.

బస గురించి తెలుగులో మొదట ఇంత శ్రద్ధగా రాసింది ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కుటుంబంతో, వందమంది దాకా పరివారంతో, డేరాలతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఏ మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయి, ఏ ఊళ్లో వస్తువులు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి బాగుంటుంది, అన్నీ రాసుకుంటూ పోయాడు. వ్యాను ప్రయాణికులు ఇవాళ ఫోన్లో వెతుక్కునేవి సరిగ్గా అవే.

కిటికీ అవతల భార్యలు

చంద్రుడి దాకా వెళ్లి వచ్చిన అపోలో 11 వ్యోమగాములను క్రిములేమైనా అంటుకొచ్చాయేమోనని విడిగా ఉంచారు. ఉంచిన గది ఎయిర్‌స్ట్రీమ్ కారవాన్, చక్రాలు తీసేసి మార్చింది. 1969 జులై 27 తెల్లవారుజామున దాన్ని హ్యూస్టన్ తెచ్చినప్పుడు ముగ్గురి భార్యలూ వచ్చి గాజు కిటికీ బయట నిలబడి లోపలి మనుషులతో మాట్లాడారు. మూడు లక్షల ఎనభై నాలుగు వేల కిలోమీటర్లు దాటి వచ్చాక, ఆ మిగిలిన దూరం ఒక కారవాన్ అద్దమంత.

అరుంధతి కనిపించని ఆకాశం

టెకపో సరస్సు చుట్టుపక్కల ఆకాశాన్ని 2012లో అంతర్జాతీయ చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడ వీధి దీపాలకు కూడా మూతలే. నక్షత్రాలు మనకు తెలిసిన తీరులో ఉండవు. చంద్రుడి మీది మచ్చ తలకిందులు. మన దగ్గర వేసవి రాత్రుల్లో దక్షిణాన దిగంతానికి కాస్త పైన కనిపించి పోయే త్రిశంకు, అక్కడ నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. విశ్వామిత్రుడు కొత్త స్వర్గం కట్టాడని చెప్పుకునే నక్షత్రాలు ఇవేనని నేను మా ఆయనకు చూపించాను.

సప్తర్షుల కోసం వెతికితే లేరు. టెకపో భూమధ్యరేఖకు దక్షిణాన 44 డిగ్రీల దగ్గర ఉంది. ఆకాశంలో ఉత్తరానికి 46 డిగ్రీలు దాటిన నక్షత్రం ఏదీ అక్కడ ఏ రాత్రీ ఉదయించదు. సప్తర్షులు ఏడుగురూ ఆ గీతకు అవతలే. వసిష్ఠుడూ, పక్కనే అరుంధతీ 55 డిగ్రీల దగ్గర. పెళ్లినాడు పురోహితుడు వేలు పెట్టి చూపిస్తే కనిపించకపోయినా కనిపించిందని ఇద్దరం తలూపిన నక్షత్రం అది.

రాత్రి పదకొండున్నర. వ్యాను వెనక తలుపు ఎత్తి, పరుపు మీదే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. ఎదురుగా సరస్సు, సరస్సుకు అవతల ఉత్తరపు కొండలు. ఏప్రిల్ ఆఖరున ఆ వేళకు అరుంధతి సరిగ్గా ఉత్తర దిక్కునే, దిగంతానికి తొమ్మిది డిగ్రీల కింద ఉంటుంది. చేయి చాపి పిడికిలి పడితే ఆ పిడికిలి వెడల్పు పది డిగ్రీలు. లెక్క చెప్పాను. మా ఆయన దుప్పటిలోంచి చేయి బయటికి తీసి, కొండల కింది అంచుకు పిడికిలి పైభాగం ఆనించి, ఒక కన్ను మూసి చూశారు.

"ఇదిగో, ఇక్కడ" అన్నారు చిటికెన వేలు దగ్గర చూపిస్తూ.